చేతివాటం అంటే ఏంటమ్మా? పిల్లలకు జంటమాటలు విడదీసి చెప్పాలా, ఊహించమనాలా, ఫోన్ చేతికివ్వాలా

పోయిన ఆదివారం పొద్దున మా పాప పేపర్ పట్టుకొచ్చి ఒక సందేహం అడిగింది. నాలుగో తరగతి. "అమ్మా, ఎడమచేత్తో పనిచేస్తే పేపర్లో వేస్తారా?" అని. నాకేం అర్థం కాలేదు. చూస్తే సిటీ పేజీలో హెడ్డింగు, నగల షాపులో సేల్స్‌మన్ చేతివాటం. ముందురోజే వాళ్ళ నాన్న క్రికెట్ వార్త చదివిస్తూ ఎడమచేతి వాటం బ్యాటర్ అంటే ఏంటో చెప్పాడట. దాన్ని పట్టుకుని ఇది ఇక్కడ అతికించుకుంది. అంటే తను మాటను సరిగ్గానే విడదీసింది, తెలిసిన అర్థాన్ని తీసుకొచ్చి సరిగ్గానే పెట్టింది, అయినా తప్పు వచ్చింది. హెడ్డింగు కింద రెండు లైన్లు చదివి ఉంటే మాయమైన గొలుసులు, సీసీ కెమెరా, పోలీసులు అన్నీ అక్కడే ఉన్నాయి. చదవలేదు.

ఇది రాయడానికి కారణం అదే. మా చైతన్యపురి అపార్ట్‌మెంట్లో సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలకు తెలుగు హోంవర్క్ చూస్తుంటాను, వాళ్ళ తల్లుల్లో ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే ప్రశ్న: "పెద్ద మాట వస్తే మావాడు ఆగిపోతున్నాడు, ఏం చెయ్యాలి?" ఒకరు గైడ్ కొనాలా అంటారు, ఒకరు ఫోన్లో వెతుక్కోమంటే సరిపోదా అంటారు, ఒకరు సమాసాలు ఇప్పుడే మొదలుపెడదామా అంటారు. ఇవన్నీ చేసి చూసినదాన్ని కాబట్టి ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది డబ్బూ టైమూ దండగో నాకు తెలిసింది చెప్తాను.

ముందే ఒక మాట. నా ఓటు విడదీయడానికే, కానీ అక్కడితో ఆపితే ఆ సేల్స్‌మన్ ఎడమచేతివాడైపోతాడు. విడదీసి ఒక ఊహ కట్టుకోవాలి, ఆ ఊహను వాక్యంలో పెట్టి సరిచూడాలి. ఈ రెండూ కలిపి నేర్పే పద్ధతి ఏదైనా మంచిదే.

విడదీసి చెప్పడం

స్కూల్లో ఇంగ్లిష్‌లో ఈ పని ఒకటో రెండో తరగతిలోనే చేయిస్తారు. రెయిన్‌కోట్, సన్‌ఫ్లవర్, టూత్‌బ్రష్ అని బొమ్మలు వేయించి మరీ. అదే పిల్లలు తెలుగు పుస్తకం తెరవగానే ఆ కిటుకు తెలుగుకూ పనిచేస్తుందని మర్చిపోతారు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు.

మొదలుపెట్టేటప్పుడు ఇల్లే చాలు. వంటగది, పడకగది, దేవుడిగది. మూడింట్లోనూ చివర గది ఉంది. "ఏ గది?" అని అడగండి, ముందున్న ముక్క జవాబు చెప్తుంది. "ఏ పేరు?" ఇంటిపేరు. "ఏ బండి?" రైలుబండి. తెలుగులో ఎక్కువ మాటల్లో అసలు వస్తువు చివర ఉంటుంది, అది ఎలాంటిదో ముందు ముక్క చెప్తుంది. ఇది పిల్లలకు పాఠంగా చెప్తే ఎక్కదు, తిరగేసి చూపిస్తే ఎక్కుతుంది. పాలగిన్నె, గిన్నెపాలు. పూలతోట, తోటపూలు. బడిపిల్లలు, పిల్లలబడి. మొదటిదాంట్లో గిన్నె కడగాలి, రెండోదాంట్లో పాలు తాగాలి అన్నాడు ఒక పిల్లాడు, అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆ తర్వాత ఒకే మాటతో మొదలయ్యే గుంపు తీసుకోండి. గాలిపటం, గాలివాన, గాలిమర, గాలిమాట. మొదటి మూడు చేత్తో పట్టుకున్నట్టు అర్థమవుతాయి. నాలుగోదాని దగ్గర పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు, ఆ ఆగడమే మనకు కావాలి. గాలిలా పట్టూ బరువూ లేని మాట అని వాళ్ళే చెప్తే సరే, లేకపోతే మీరు అందించండి.

ఇక్కడిదాకా హాయిగా ఉంటుంది. తెలుగులో అసలు చిక్కు తర్వాత వస్తుంది, చాలామంది తల్లిదండ్రులు గమనించనిది ఇదే. మాటలు కలిసేటప్పుడు రూపం మార్చుకుంటాయి. ఇల్లు తెలిసిన పిల్లకు ఇంటిపేరులో ఇల్లు కనపడదు. కన్ను కంటి అవుతుంది, నీరు నీటి అవుతుంది, నోరు నోటి, చెయ్యి చేతి, రాయి రాతి, నెయ్యి నేతి, నుయ్యి నూతి, పెరడు పెరటి. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు, ఆ పేరు మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లలకు అక్కర్లేదు. వాళ్ళకు కావాల్సింది ఒక చిన్న జాబితా, ఓ పదిహేను మాటలు, ఫ్రిజ్ మీద అంటించి పెడితే నెలలో వచ్చేస్తాయి. నా అనుభవంలో ఈ పదిహేను మాటలు వచ్చాక పిల్లలు వాచకం చదివే వేగమే మారిపోయింది, దీనికి రూపాయి ఖర్చు లేదు.

రెండో చిక్కు, తల్లిదండ్రులు. మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు "తల్లి అంటే నువ్వు, మరి దండ్రులు ఎవరు?" అని అడిగింది, వాళ్ళ నాన్న మొహం చూడాలి. తండ్రి మొదటి అక్షరం మెత్తబడి దండ్రి అయింది. అన్నదమ్ముల్లో తమ్ముడు దమ్ముడయ్యాడు, కూరగాయల్లో కాయ గాయ అయింది. రెండు మాటలు సమానంగా జతకట్టినప్పుడు రెండోదాని మొదట ఉన్న క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు అవుతాయి. పిల్లలకు ఇలా చెప్పండి: "చివరి ముక్కకు అర్థం దొరకకపోతే దాని మొదటి అక్షరాన్ని కొంచెం గట్టిగా పలికి చూడు." దండ్రిని గట్టిగా పలికితే తండ్రి వస్తాడు. గాయను పలికితే కాయ. ఇది ఆటలా ఉంటుంది.

సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో అతుకు ఇంకా నున్నగా ఉంటుంది. విద్యాలయం, గ్రంథాలయం, కార్యాలయం, దేవాలయం. వరుసగా నాలుగూ ఒకదాని కింద ఒకటి రాసి, ఏది మారలేదో గీత గీయమనండి. ఆలయం అంటే గుడి ఒక్కటే కాదు, ఉండే చోటు అని వాళ్ళే పట్టేస్తారు. అలాగే పాఠశాల, భోజనశాల, గోశాల, వైద్యశాల. కంటి ఆసుపత్రి బోర్డు మీద నేత్రవైద్యశాల అని కనిపిస్తే సగం దారి అప్పటికే నడిచేసి ఉంటారు.

మరి విడదీయడం ఎక్కడ చేతులెత్తేస్తుంది? మన సామెతే చెప్తోంది కదా, నేతిబీరకాయలో నెయ్యెంతో అని. సీతాకోకచిలుక తీసుకోండి. సీత ఉంది, కోక ఉంది, చిలుక ఉంది, మూడింట్లో ఏ ఒక్కటీ ఆ పురుగు కాదు. (ఇంగ్లిష్ వాళ్ళు వెన్న, ఈగ కలిపి బటర్‌ఫ్లై అన్నారు, వాళ్ళూ మనకన్నా ఏమంత మెరుగు కాదు.) కుక్కగొడుగు కుక్కది కాదు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట పాలలా తెల్లగా ఉండదు, దసరాకు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు చూపిస్తే నీలిరెక్కలు చూసి పిల్లలు మనల్నే నిలదీస్తారు. గొంగళిపురుగు మాత్రం చక్కగా అతుకుతుంది, కానీ ఈ తరానికి గొంగడి తెలియదు. మా అత్తమ్మ నల్గొండ దగ్గర వాళ్ళ ఊరి నుంచి ఒక పాత గొంగడి తెచ్చి పిల్లల ఒంటికి తగిలేలా కప్పింది, గరగర అని అందరూ ఒక్క అరుపు, ఆ మాట వాళ్ళకు జన్మలో మర్చిపోయేది కాదు.

ఇంకో రకం మోసం, తప్పు చోట కోయడం. ముక్కంటి అంటే ముక్కు అంటినవాడు అని రాసిన పిల్లాడిని నేను చూశాను. నవ్వకండి, వాడి తర్కం బాగానే ఉంది. మూడు కన్నులు కలిసి ముక్కంటి అయిందని చెప్పి, వెంటనే శివుడి పటం చూపిస్తే చాలు. పుస్తకాలు గిస్తకాలు అన్నప్పుడు గిస్తకం ఏంటని అడిగినవాళ్ళూ ఉన్నారు. దానికి అర్థం ఉండదు నాన్నా, చాయ్ గీయ్ లాంటిదే అంటే సరిపోతుంది.

ఊహించమనడం

సందర్భాన్ని బట్టి అర్థం ఊహించు అని టీచర్లు చాలా తేలిగ్గా అంటారు. ఎలా ఊహించాలో మాత్రం చెప్పరు. పిల్లలు ఏం చేస్తారంటే బొమ్మ చూసి ఏదో ఒకటి చెప్పేస్తారు.

పనికొచ్చేలా నేర్పాలంటే రెండు పనులు. ఒకటి, ఆ మాట దగ్గర ఆగకుండా వాక్యం చివరిదాకా, వీలైతే తర్వాతి వాక్యం కూడా చదివించండి. మధ్యలో కానీ, అంటే, కాబట్టి, వంటి లాంటివి ఎక్కడున్నాయో వేలు పెట్టించండి. "బయటికి మేకపోతు గాంభీర్యం చూపించాడు కానీ లోపల కాళ్ళు వణుకుతున్నాయి." ఇందులో కానీ తర్వాత భయం ఉంది, అంటే దానికి ముందున్నది ధైర్యంగా కనిపించేదేదో అయ్యుండాలి, పైగా బయటికి అన్నాడు కాబట్టి ఉత్తుత్తి ధైర్యం. ఇక్కడ మేకనూ గాంభీర్యాన్నీ విడదీసుకుంటూ కూర్చుంటే ఎటూ తేలదు. రెండోది, ఊహించిన అర్థాన్ని ఆ మాట స్థానంలో పెట్టి వాక్యాన్ని పైకి చదివించండి. "నగల షాపులో సేల్స్‌మన్ ఎడమచేయి, గొలుసులు మాయం." పైకి చదివితే పిల్లలకే నవ్వొస్తుంది. మా పాప కూడా నవ్వింది, నవ్వి, "ఓ దొంగతనమా" అంది.

ఆ రోజు అక్కడితో వదల్లేదు నేను. వాటం అంటే అసలేంటి అని వచ్చింది. బాత్రూములో నీళ్ళు నిలవకుండా మేస్త్రీ వాటం పెట్టాడు అంటాం కదా, ఒకవైపుకు ఒరగడం. గాలివాటం అంటే గాలి ఎటు వీస్తే అటు. ఎడమచేతి వాటం అంటే ఎడమచెయ్యి వైపు మొగ్గు. సేల్స్‌మన్ చెయ్యి పక్కవాళ్ళ సొమ్ము వైపు ఒరిగింది. అప్పటికి ఆదివారం టిఫిన్ చల్లారిపోయింది గానీ ఒక మాటకు మూడు మాటలు వచ్చాయి.

అయితే ఊహించడానికి ఒక షరతు ఉంది. చుట్టూ ఉన్న మాటలు తెలిసి ఉండాలి. విదేశీ భాష చదివేవాళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో తేలింది ఏంటంటే, నూటికి 95 నుంచి 98 మాటలు తెలిస్తే గానీ మిగతావాటిని చదువుతూ పోల్చుకోవడం కష్టం. మన పిల్లల్లో చాలామందికి పుస్తకాల తెలుగు విదేశీ భాషకన్నా పెద్ద దగ్గరేం కాదు, ఒప్పుకుందాం. కాబట్టి పేజీ తెరిపించి, తెలియని మాటకు ఒక్కో వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు చెయ్యి పిడికిలి అయితే ఆ పుస్తకం ఇప్పుడొద్దు, కింది తరగతిది ఇవ్వండి.

మరో సంగతి, అన్ని వాక్యాలూ సాయం చేయవు. 1983లో అమెరికాలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్, ఇంకొకరు కలిసి రాసిన వ్యాసంలో సందర్భాలను నాలుగు రకాలుగా విడగొట్టారు: నేరుగా అర్థం చెప్పేవి, కొంత సూచన ఇచ్చేవి, ఏమీ చెప్పనివి, తప్పుదారి పట్టించేవి. దీన్ని మన చేతివాటం మీదే చూడండి. "చేతివాటం ఉందని తెలిసి పనిలోంచి తీసేశారు, పోయిన ఉంగరం అతని జేబులో దొరికింది" అంటే నేరుగా చెప్పినట్టే. "అతని చేతివాటం గురించి అందరికీ తెలుసు" అంటే ఏమీ చెప్పలేదు. "అతని చేతివాటం చూసి యజమాని ఆశ్చర్యపోయాడు" అంటే పిల్లలు కచ్చితంగా నైపుణ్యం అనుకుంటారు. ఊహ తప్పినప్పుడు పిల్ల తెలివితక్కువది అనుకునే ముందు ఆ వాక్యం ఏ రకమో చూడండి. మూడో రకం, నాలుగో రకం అయితే అర్థం చెప్పేసి ముందుకు పొండి, అక్కడ ఊహించమని పీడించడం దండగ.

ఊహ గెలిచి విడదీయడం ఓడిపోయే చోటు ఒకటి చెప్తాను. ఆర్టీసీ బస్సులో అత్యవసర ద్వారం. విడదీయమంటే ఒకడు అత్య, వసరం అన్నాడు. అతి, అవసరం కలిసి అత్యవసరం అవుతుందని మూడో తరగతి పిల్లాడికి తట్టదు, తట్టాల్సిన పనీ లేదు. కానీ ఆ అక్షరాలు ఎక్కడ రాశారో చూడమంటే, మామూలుగా దిగే తలుపు కాదు, ఎప్పుడూ మూసి ఉంటుంది, అంటే ఏదన్నా ప్రమాదం జరిగితే వాడేది అని వాడే చెప్పాడు. తర్వాత తీరిగ్గా అతికించి చూపించాను.

ఫోన్, నిఘంటువు, గైడ్

ఫోన్ గురించి తగాదా వద్దు, అందరి ఇళ్ళల్లోనూ ఉంది. అనువాదం కొడితే ఒక్క అర్థం వస్తుంది, అది ఈ వాక్యానికి సరిపోతుందో లేదో పిల్లకు తెలియదు. జంటమాటలు కొన్ని ముక్కముక్కలుగా అనువాదమై తమాషాగా వస్తాయి. కాబట్టి ఫోన్‌ను ఆఖరున, ఊహ సరైందో కాదో చూసుకోవడానికి వాడండి. ముందు వాడితే ఆలోచన ఆగిపోతుంది.

తెలుగు నిఘంటువు అయితే పెద్దవాళ్ళకోసం. ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు, నేనూ వాడతాను. ప్రతి జంటమాటా అందులో విడిగా ఉండదు, ముక్కలు విడదీసి వెతకాలి, అంటే విడదీయడం వచ్చినవాళ్ళకే నిఘంటువు కూడా పనికొస్తుంది. ఆరో తరగతి దాటాక పక్కన కూర్చుని చూపించండి.

గైడులోని అర్థాల పట్టిక బట్టీ పట్టించడం గురించి ఎక్కువ చెప్పను. రేపు యూనిట్ టెస్ట్ ఉంటే పట్టించండి, తప్పు లేదు, మార్కులూ కావాలి. కానీ పోయినేడాది ఒక స్కూలు పిల్లలకు వంద మాటల పట్టిక ఇచ్చి వారంలో అప్పజెప్పమంది, మా ఇంటికొచ్చే అమ్మాయి అప్పజెప్పేసింది కూడా. నెల తర్వాత కథలో అదే మాట కనిపిస్తే గుర్తుపట్టలేదు. పట్టికలో వరుస ప్రకారం వచ్చేది, కథలో వరుస లేదు మరి.

సమాసాల పేర్లు ముందే నేర్పేద్దాం అనేవాళ్ళకు: వద్దు. ద్వంద్వం, ద్విగువు, తత్పురుషం, బహువ్రీహి, ఇవన్నీ పదో తరగతి పరీక్షలో అడుగుతారు, విగ్రహవాక్యం రాసి సమాసం పేరు చెప్పమంటారు, నిజమే. కానీ "ఏ గది? వంట కోసం గది" అని నాలుగేళ్ళు ఆడుకున్న పిల్లకు విగ్రహవాక్యం అప్పటికే వచ్చేసింది, పేరు ఒక్కటే తగిలించాలి. పేర్లు ముందు నేర్చుకున్న పిల్లలు ఉదాహరణ మారితే తెల్లమొహం వేస్తారు. చిన్నయసూరి 1858లో తెచ్చిన బాలవ్యాకరణం పేరులో బాల ఉంది కదా అని ఒక నాన్నగారు ఐదో తరగతి అబ్బాయికి కొనిపెట్టారు. పేరు విడదీసి కొన్నారు, లోపల తెరిచి సందర్భం చూడలేదు.

ఏ పిల్లకు ఏది

ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడి, చదవడానికి మాత్రం తడుముకునే పిల్లలకు విడదీయడం మొదలు. మాటలు చెవికి తెలుసు, కంటికి తెలియవు, అంతే. పెద్ద మాటకు మధ్యలో పెన్సిల్‌తో గీత పెట్టి ఇవ్వండి, సగం భయం పోతుంది. రోజుకు మూడు మాటలు, పది నిమిషాలు. అంతకు మించితే నేను చూసినవాళ్ళలో ఎవరూ కొనసాగించలేదు, నాతో సహా.

ఇంట్లో సగం ఇంగ్లిష్ నడిచే పిల్లలకు కలగాపులగం మాటలతో మొదలుపెట్టండి. కరెంటుబిల్లు, పాలప్యాకెట్, రైతుబజార్, గ్యాస్‌బండ. రెండు ముక్కల్లో ఒకటన్నా తెలుసు కాబట్టి ధైర్యం వస్తుంది. ఆ తర్వాత రైతుబజార్‌కే తీసుకెళ్ళండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ. ఇంటికొచ్చాక గడ్డపెరుగు, మంచుగడ్డ. అన్నింట్లోనూ గడ్డ ఉంది, గుండ్రంగా గట్టిగా ముద్దకట్టినదేదో అని తేలుతుంది. మరి ఎర్రగడ్డ? అక్కడ గడ్డ అంటే నేల. ఇలా ఒక ముక్క రెండు అర్థాలిచ్చినప్పుడే సందర్భం ఎందుకు చూడాలో పిల్లలకు మనం చెప్పకుండానే తెలుస్తుంది.

బాగా చదివేవాళ్ళకు, ఐదు ఆరు తరగతులవాళ్ళకు, నేనిచ్చే పుస్తకం పెళ్ళి శుభలేఖ. నవ్వకండి, ప్రతి ఇంట్లో అరడజను పడి ఉంటాయి. జ్యేష్ఠపుత్రుడు, కనిష్ఠపుత్రిక, శుభముహూర్తం, బంధుమిత్ర సపరివార సమేతంగా. ఎవరి పెళ్ళో తెలుసు, ఎవరు పెద్దకొడుకో తెలుసు, కాబట్టి ఊహించడానికి అన్ని ఆధారాలూ ఉన్నాయి. ఆగమనాభిలాషులు అనే మాట మీద మా పిల్లలు ఇరవై నిమిషాలు కొట్టుకున్నారు. కార్డు కింద, అమ్మానాన్నల పేర్లకు పైన ఉంది కాబట్టి పిలిచేవాళ్ళకు సంబంధించింది అని ఒకరు, అభిలాష తన క్లాస్‌మేట్ పేరు, దానికి కోరిక అని అర్థమట అని ఇంకొకరు, ఆగమనం ఏంటో నేను చెప్పాను. మనం రావాలని కోరుకునేవాళ్ళు. "మరి రండి అని రాయొచ్చుగా" అంది మా పాప. కార్డు అయిపోయాక వెనకవైపు తెల్లగా ఉంటుంది, మాటల చీటీలు కోసుకోవడానికి పనికొస్తుంది.

ఇంట్లో తెలుగే లేని పిల్లల సంగతి వేరు. 2018లో తెలంగాణ చట్టం వచ్చాక ఏ బోర్డు స్కూలైనా ఒకటి నుంచి పది దాకా తెలుగు చదవాలి, కాబట్టి హిందీ, ఉర్దూ, మరాఠీ ఇళ్ళ పిల్లలూ ఈ వాచకాలే మోస్తున్నారు. వాళ్ళకు సందర్భం చూసి ఊహించు అనడం అన్యాయం, చుట్టూ ఉన్న మాటలే తెలియవు కదా. మా పైన మూడో ఫ్లోర్‌లో ఒక బాబు ఉన్నాడు, ఇంట్లో ఉర్దూ, ఐదో తరగతి. వాడికి తెలుగు అంటే టెన్షన్. నేను మొదట అందరికీ ఇచ్చినట్టే పాలగిన్నె, వంటగది ఇచ్చాను, వారం రోజులు ముక్తసరిగా చేశాడు.

తర్వాత ఒకరోజు అందరినీ మెట్రో ఎక్కించాను. ఎల్‌బీనగర్ నుంచి మియాపూర్ దాకా 27 స్టేషన్లు, బోర్డులన్నీ తెలుగులో ఉంటాయి, చదవడం మీ పని అన్నాను. లక్డీకాపూల్ దగ్గర వాడు లేచి నిలబడ్డాడు. లక్డీ అంటే కట్టె, పూల్ అంటే వంతెన, కట్టె వంతెన అని మా వాళ్ళందరికీ చెప్పాడు. ఇన్నేళ్ళూ అదేదో పూల పేరు అనుకున్న మా పాప నోరు తెరిచింది. ఎర్రమంజిల్ రాగానే మావాళ్ళు ఎర్ర మేడ అని అరిచారు, వాడు కాదన్నాడు. మంజిల్ అంటే మేడ సరే, ముందున్నది ఇర్రం, ఉర్దూలో స్వర్గంలోని తోట, అక్కడి పాత నవాబు భవనం పేరు అదే. ఇందాక చెప్పిన ఎర్రగడ్డలో ఎర్ర ఎర్రదే, ఇక్కడ కాదు. మాసబ్ ట్యాంక్‌లో మాసబ్ అంటే మా సాహెబా అనీ, గచ్చిబౌలిలో బౌలి అంటే మెట్లబావి అనీ చెప్పుకుంటూ పోయాం, అవి ఆ లైన్‌లో లేకపోయినా.

అందుకని ఉర్దూ, హిందీ ఇళ్ళ పిల్లలకు నా సలహా ఊరి పేర్లతో మొదలుపెట్టమనే. చార్‌మినార్ విడదీయలేని పిల్లాడు ఈ ఊళ్ళో ఉండడు. ఆ ధైర్యంతో నల్లకుంట, చింతలకుంట, నారాయణగూడ, అమీర్‌పేటలకు రండి. కుంట, గూడ, పేట, గుట్ట, బండ, ఈ ఐదు ముక్కలు వస్తే సగం హైదరాబాద్ చదివేయొచ్చు.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు పంజాగుట్ట బోర్డు దగ్గర పంజా వాడు చెప్పాడు, అరచెయ్యి అని. గుట్ట మా పాప చెప్పింది. తర్వాత ఇద్దరూ కిటికీకి మొహాలు ఆనించి, గుట్ట ఎక్కడుందని ఎర్రమంజిల్ వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నారు.